పడుకున్న గంగమ్మ

బోడికొండ పడుకున్న గంగమ్మ క్షేత్రానికి విచ్చేసిన భక్తులకు వంకదిన్నె గ్రామస్థుల నమస్కారం. ఈ స్థల చరిత్ర చాలా చిన్నది. ప్రసాదానికి ఎసరు పెట్టి కొర్రన్నం ఉడికేలోపు చదివి ముగించవచ్చు. కొండ సగం ఎక్కాక కనిపించే కొర్రచేని గట్టు దగ్గర చెప్పులు విడిచి, పైరు లేకుండా ఖాళీగా ఉంచిన చోట నేల మీద కూర్చుని చదువుకోవలసిందిగా మనవి. గుడి ఎక్కడ, గోపురం ఎక్కడ, మూలవిరాట్టు ఎక్కడ అని ముందే అడగవద్దు. అన్నీ వరుసగా వస్తాయి.

అయితే ముందుగా దారి గురించి ఒక మాట చెప్పాలి. బస్సు ఎర్రబొమ్మనపల్లె వరకే వస్తుంది. అక్కడ దిగి వంకదిన్నెకు దారి ఎటు అని అడిగితే, ఆ ఊరివారు చాలా మర్యాదగా చెబుతారు. వారు చెప్పే దారి తమ మారెమ్మ గుడి ముందునుంచి, తమ బంధువుల టీకొట్టు పక్కనుంచి, తమ కొత్త పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి వస్తుంది. అసలు దారి బస్సు ఆగిన చోటికి ఎదురుగానే ఉంది. ఇందులో వారిని తప్పుపట్టడం లేదు. చూపించడానికి వేరే ఏమీ లేనివారు ఉన్నదే చూపిస్తారు.

రెండవది, కొండ పేరు. బోడికొండ అన్న పేరు విని వచ్చి, ఇక్కడ వేప, చండ్ర, సీతాఫలం చెట్లు కమ్ముకుని ఉండడం చూసి, కొండ తప్పామనుకుని దిగిపోయిన భక్తులు ఉన్నారు. కొండ ఇదే. పేరు మార్చాలని గ్రామసభలో చాలాసార్లు అనుకున్నారు. ఏ పేరు పెట్టాలో ఒక మాట మీదికి రాలేదు. మొలకు మొలతాడు కట్టినట్టు కొండ చుట్టూ అడ్డంగా సాగిన రాతికట్టలను మీరు ఎక్కి వచ్చేటప్పుడు చూసే ఉంటారు. వాననీళ్ళు దిగే ఏ వంకలో చూసినా నిలబెట్టిన రాయి ఒక్కటి కనిపించదు. అన్నీ పడుకోబెట్టినవే. ఆ మధ్య జిల్లా నుంచి ఒక బృందం వచ్చి, ఈ కట్టలన్నీ చూసి సంతోషించి, ఈ పనికి మొదట రూపకల్పన చేసింది ఎవరని అడిగింది. ఎవరూ చేయలేదు, జారిపడింది అని మా పెద్దలు ఉన్నమాట చెప్పారు. వారు నవ్వి, ప్రసాదం తిని వెళ్ళారు. రాసుకోలేదు. అందువల్ల ఈ పుస్తకం మేమే వేసుకోవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ చెట్టన్నది లేదు. కొండ తన పేరుకు తగ్గట్టు నున్నగా ఉండేది. కొండ మీద పడిన వాన కొండ మీద ఒక్క గడియ నిలిచేది కాదు. వంకలోకి దూకి, దొరికిన మట్టినంతా వెంటబెట్టుకుని, వంకదిన్నె చేలను కోసుకుంటూ ఎటో వెళ్ళిపోయేది. వాన వెలిసిన మర్నాడు వంకలో కాలు తడవకుండా నడవవచ్చు. శివరాత్రి వచ్చేసరికి బావులు అడుగంటేవి. ఆడవారు చేదతాడుకు ఇంకో తాడు ముడివేసేవారు. ఎండలు ముదిరితే దానికి మరొకటి. అప్పటి వంకదిన్నెలో కొత్త కోడలు సారె తెస్తే చీరల కన్నా ముందు తాడు ఉందేమో చూసేవారు. ఎవరింటి తాడు పొడవైనదో వారి ఇంట్లో పెళ్ళి సంబంధం గట్టిదని లెక్క.

ఆ కాలంలో ఊరికి పెద్దకాపు చెన్నప. ఆయన మంచి మనిషి. ఒకరి సొమ్ము ఆశించినవాడు కాదు, ఒకరి మాట విన్నవాడూ కాదు. ఆయనకు ఎర్రంచు తలగుడ్డ ఒకటి ఉండేది. అది ఎంత పెద్దదంటే, వీధి మలుపులో ఆయన కన్నా ముందు అది తిరిగేది. పెద్దకాపు వస్తున్నాడని ఊళ్ళో ఎవరూ అనేవారు కారు, తలగుడ్డ వస్తోందనేవారు. ఆ మాట ఆయన చెవిన పడినా కోప్పడలేదు. పైగా ఇంకొక చుట్టు పెంచాడు.

ఒక ఏడు చెన్నప తన ఊరివారితో కలిసి ఎర్రబొమ్మనపల్లె జాతరకు వెళ్ళాడు. ఆ ఊరి మారెమ్మ నిలువెత్తు రాతి విగ్రహం, చూడదగినదే. ఆ ఊరి పెద్ద బసప్ప భోజనాల దగ్గర నిలబడి అందరినీ పలకరిస్తూ చెన్నప విస్తరి ముందు ఆగాడు.

"మా మారెమ్మ నిలబడి చూస్తాంటాది గాబట్టి మా చేలు పండుతాయి. మీ కొండకు జుట్టు లేదు, మీ ఊరికి అమ్మ లేదు. మీరు మాత్రం ఏం జేస్తారులే పాపం. కడుపునిండా తిని పోండి," అన్నాడు.

రెండు ఊళ్ళ మీదా పడేది ఒకే వాన. ఈ సంగతి బసప్పకు తెలుసు, చెన్నపకూ తెలుసు. కానీ తింటున్న విస్తరి ముందు జాలి చూపిస్తే ఎవరికైనా మింగుడు పడదు. చెన్నప లేచి నిలబడి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు.

"బోడికొండ నెత్తిన మా గంగమ్మను నిలబెడతా. మీ మారెమ్మ తలెత్తి చూడాల. మా అమ్మ నిలబడిందాకా ఈ గుడ్డ నా తలకెక్కదు," అని చెప్పి వచ్చేశాడు. అప్పటికి పాయసం వడ్డించలేదు. ఆయన వెంట లేచి రావలసివచ్చినవారు ఈ విషయాన్ని చాలాకాలం మరచిపోలేదు.

చెన్నపది బట్టతల అని ఊరికి ఆ రోజే తెలిసింది. ఊరు మర్యాదగా చూడనట్టు ఊరుకుంది. ఎర్రబొమ్మనపల్లె ఊరుకోలేదు. కొండకూ కాపుకూ పోలిక బాగా కుదిరిందని ఆ ఊరి రచ్చబండ మీద అనుకున్నారు.

రాతి పని, మట్టి పని చేసే వడ్డె తిప్పన్న కొండ కింద పొడవాటి నల్లరాయి ఒకటి చూసి, దానికి కళ్ళు, ముక్కు, నోరు, అభయహస్తం చెక్కాడు. తక్కినది అమ్మవారే చూసుకుంటుందని అక్కడితో ఆపాడు. పూజారి మల్లన్న గంట పట్టుకుని ముందు నడవగా, వైశాఖమాసంలో అమ్మవారిని కొండ మీదికి తరలించడం మొదలుపెట్టారు. దారి వంకలోనే. కొండకు నునుపైన దారి అదొక్కటే.

ఇక్కడే పెద్దకాపుకూ తిప్పన్నకూ మాట తేడా వచ్చింది. "పెద్దాయనా, అమ్మను పండుకోబెట్టి కట్టెబండి మీద లాక్కోనిపోదాం. నిలబెట్టేది పైకి పోయినాక," అన్నాడు తిప్పన్న. చెన్నప ఒప్పుకోలేదు. "అమ్మను మొద్దు మాదిరి ఈడుస్తావా? ఎర్రబొమ్మనపల్లె మిద్దెల మీద జనమంతా చూస్తాండారు. ఆమె నిలబడే పోవాల," అన్నాడు. అందువల్ల బరువంతా తలలో ఉన్న నిలువురాయిని, నాలుగు దిక్కులా తాళ్ళతో పట్టుకుని, నిలువుగానే వంకలో ఎక్కించారు. ఇలాంటి పని చేయాలన్న ఆలోచన చుట్టుపక్కల ఇంకే ఊరికీ రాదు. ఆ మాటకొస్తే, అలా సగం కొండ దాకా ఎక్కించగల బలమూ ఇంకే ఊరికీ లేదు.

సగం కొండ దగ్గర వంక ఇరుకవుతుంది. అక్కడ ఒక తాడు తెగింది. తర్వాత మిగిలినవి తెగాయి. అమ్మవారు నిదానంగా వాలి, తల తూర్పు గట్టు మీద, పాదాలు పడమటి గట్టు మీద పెట్టుకుని, వంకకు సరిగ్గా అడ్డంగా పడుకుంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. మల్లన్న గంట మాత్రం వంగిపోయింది. మీకు ఇప్పుడు వినిపిస్తున్న గంట అదే. దాని గొంతు అలా ఉండడానికి కారణం కూడా అదే.

ఎర్రబొమ్మనపల్లె మిద్దెల మీద నవ్వు ఇంత దూరం వినిపించింది. సాయంత్రం బసప్ప స్వయంగా వచ్చి చూసి, "మీ అమ్మ అలిసిపోయినట్టుండాది చెన్నపా. రెండు దినాలు పండుకోనీ," అని ఓదార్చి వెళ్ళాడు.

అంతలో తొలకరి వచ్చింది. అందరికీ విత్తనాల పని. అమ్మవారు ఇంకా కిందికి దొర్లకుండా తిప్పన్న కులంవారు ఆమె తల దగ్గర, పాదాల దగ్గర రాళ్ళు పేర్చి, నడుము కింద సందుల్లో చిన్నరాళ్ళు దిగ్గొట్టి, బంకమట్టి మెత్తారు. పంట ఇంటికి చేరగానే లేపుదామనుకుని ఊరు చేలలోకి వెళ్ళిపోయింది.

ఆ ఏడంతా చెన్నప బోడితలతోనే తిరిగాడు. ఎండకు తల మాడింది, వానకు తడిసింది. ఆయనకు అది బాధ కాదు. అమ్మవారిని లేపడానికి ఆమె అనుమతి కావాలి, ఆ అనుమతి కలలో రావాలి, ఆ కల తనకు రావడం లేదు. అదీ బాధ. ఊళ్ళో మిగిలిన అందరికీ వస్తున్నది. పూజారి మల్లన్న కలలో కనిపించి, తనకు గుడీ పూజారికి వసారా ఉన్న ఇల్లూ కట్టమన్నది. కుమ్మరివారి కలలో కొత్త కుండలు అడిగింది. మేకలవారి కలలో, కొండ మీద మేకలను ఎవరూ అదిలించరాదని గట్టిగా చెప్పింది. చివరికి బసప్ప కలలో కూడా కనిపించి, ఎర్రబొమ్మనపల్లెకు వచ్చేస్తానన్నదట. చెన్నప మధ్యాహ్నాలు పని మాని అరుగు మీద పడుకుని కల కోసం కాచుకున్నాడు. గురక తప్ప ఏమీ రాలేదు.

"అందరి కలలోకీ పోతాంది. నా కలలోకి ఎందుకు రాదే?" అని భార్య అక్కులమ్మను అడిగాడు.

అక్కులమ్మ చెరుగుతున్న చేట ఆపలేదు. "పండుకోని నిద్రపోయే మనిషి ఇంకొకరి కలలోకి ఎట్లొస్తాదయ్యా?" అన్నది.

చెన్నపకు ఈ మాట నచ్చలేదు. అటు తిరిగి మళ్ళీ పడుకున్నాడు.

పంట ఇళ్ళకు చేరింది. శివరాత్రి దాటాక మంచిరోజు చూసి అమ్మవారిని లేపడానికి ఊరంతా వంకలో చేరింది. బసప్ప తన ఊరి ఎద్దులను తోలుకుని వచ్చాడు. ఈసారి పడితే దగ్గరనుంచి చూడాలని వచ్చాడని మా ఊరిలో అంటారు. సాయానికే వచ్చాడని ఎర్రబొమ్మనపల్లెలో అంటారు. చెన్నప ఉతికించి గంజిపెట్టించిన తలగుడ్డను పళ్ళెంలో పెట్టి తెచ్చుకున్నాడు. ఆమె నిలబడిన మరుక్షణం బసప్ప ఎదుటనే చుట్టుకోవాలని ఆయన ఆశ. ఏడాదిగా ఆయన బతికింది ఆ క్షణం కోసమే.

తీరా చూస్తే తాళ్ళు చాలలేదు. పాతవి తెగిపోయినవే. ఇంటికి ఎంత తాడు మిగిలితే అంత తెమ్మని చెన్నప ఊళ్ళోకి మనిషిని పంపాడు. పంపాడన్నమాటే గానీ వస్తాయని ఆయనకు నమ్మకం లేదు. శివరాత్రి దాటాక వంకదిన్నెలో ఏ ఇల్లాలూ బావితాడు విప్పి ఇవ్వదు. అడిగితే మగనినైనా ఇస్తుందేమో.

కానీ ఆడవారు వచ్చారు. ఒక్కొక్కరు భుజాన చుట్ట చొప్పున తెచ్చి కుప్ప పోశారు. అన్నీ ముడులు విప్పిన తాళ్ళే. ఆ కుప్ప చూసి బసప్ప ఎద్దులు కూడా గడ్డివామి అనుకుని మెడ చాపాయి. అందరి వెనుక అక్కులమ్మ వచ్చి తమ ఇంటి చుట్ట కుప్ప మీద వేసింది.

"ఇదంతా యాడిదే?" అన్నాడు చెన్నప.

"బావిదే."

"మరి నీళ్ళెట్ల చేదుతాండావు?"

"ఇంకా మొదటి తాడు మీదనే ఉండాది నీళ్ళు. ఊరంతా అంతే. నీకు చెబుదామంటే నువ్వు కలల కోసరం పండుకోనుంటివి."

చెన్నప అమ్మవారికి పైవైపు ఎక్కి చూశాడు. ఏనాడూ నీళ్ళు నిలవని వంకలో, ఆమె వీపు వెనుక, నీళ్ళు నిలబడి ఉన్నాయి. వాటి అంచున, కొండ నుంచి దిగివచ్చిన మట్టి మెత్తగా పేరుకుని ఉంది. ఆ మట్టి ఏటేటా ఎటు పోయేదో ఆయనకు తెలుసు. ఇప్పుడు అది ఎటూ పోలేదు. అందులో గడ్డి మొలిచి ఉంది. ఆయన నీళ్ళను చూశాడు, తాళ్ళ కుప్పను చూశాడు, పళ్ళెంలో తలగుడ్డను చూశాడు. తల నిమురుకుని గట్టు మీద కూర్చున్నాడు.

ఆమెను లేపితే నీళ్ళు పోతాయి. లేపకపోతే తలగుడ్డ పోతుంది. ఈ సంగతి అక్కడ అందరికన్నా ముందు ఆయనకే అర్థమైంది. అందుకే లేవడానికి చాలాసేపు పట్టింది.

"ముహూర్తం దాటిపోతాంది చెన్నపా. ఇంకా తలదువ్వుకోవల్లనా ఏంది?" అని బసప్ప కిందనుంచి కేకేశాడు.

చెన్నప దిగి వచ్చి పళ్ళెంలోని తలగుడ్డ తీసుకున్నాడు. కట్టుకుంటాడనుకుని మల్లన్న గంట ఎత్తాడు. చెన్నప ఆ గుడ్డను నేల మీద పరచి, అందులో ఒక పెద్దరాయి పెట్టి మూటకట్టి, భుజాన వేసుకుని వంక వెంట పైకి నడిచాడు. అమ్మవారికి పైన వంక మళ్ళీ ఇరుకైన చోట ఆ రాయిని అడ్డంగా పడుకోబెట్టాడు. గంజిపెట్టిన గుడ్డ అప్పటికే ఎర్రమట్టి అయింది.

"పెద్దాయనా, అమ్మను లేపేది లేదా?" అన్నాడు తిప్పన్న.

"పండుకోనీరా. లేచి పనిజేసేదానికి మనముండాం గదా."

పడుకున్న విగ్రహానికి పూజ శాస్త్రానికి ఒప్పదని మల్లన్న అడ్డం చెప్పబోయాడు. వసారా ఉన్న ఇల్లు ఆయన కళ్ళ ముందే చేజారిపోతున్నది. "రంగనాయకులు పండుకోలేదా? ఆయనను ఎవరన్నా లేపినారా?" అన్నది అక్కులమ్మ. మల్లన్న గంట దించాడు.

బసప్ప మాత్రం వదలలేదు. "మరి మా ఊర్లో ఇచ్చిన మాట ఏమాయె?"

"మాట మాటే. ఆమె నిలబడిందాకా తలకు గుడ్డ కట్టను."

"ఆమె ఎప్పుడు నిలబడాల?"

"నిలబడదు," అన్నాడు చెన్నప. మరో రాయి కోసం కిందికి దిగాడు.

బసప్పకు ఇక అనడానికి ఏమీ దొరకలేదు. ఎర్రబొమ్మనపల్లె చరిత్రలో ఇది అరుదైన సంఘటన. వచ్చిన ఎద్దులు ఊరికే నిలబడడం ఎందుకని, అమ్మవారిని లేపడానికి తెచ్చిన బావితాళ్ళతో వాటిచేతనే ఆ రోజంతా పెద్ద బండలు లాగించి, పైవంకలకు అడ్డంగా వేశారు. ఈ క్షేత్ర నిర్మాణంలో ఎర్రబొమ్మనపల్లెకు కూడా భాగం ఉందని ఆ ఊరివారు చెప్పుకుంటారు. ఎద్దుల వరకు నిజమే.

ఆ తర్వాత ఊరంతా పనిలోకి దిగింది. ఇంటికొక కట్ట వంతు వేసుకున్నారు. ఎవరి కట్ట తెగితే వారే కట్టుకోవాలి, తెగిన సంగతి పక్కింటివారు ఊరంతా చెప్పాలి. ఈ రెండవ నియమం వల్ల కట్టలు తెగడం చాలా తగ్గింది. కొండ మీదికి గొడ్డలి తేరాదని, మేకలు ఎక్కరాదని కట్టుబాటు చేసుకున్నారు. మేకలవారు కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. గడ్డి కోసుకుపోవచ్చని చెప్పాక మాట్లాడడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆపలేదు. దొరలు రాలేదు, దివాన్లు రాలేదు. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. వంకదిన్నెవారు తమ కొండను తామే మోసి తామే కట్టుకున్నారు. అడుగు నుంచి నెత్తి దాకా అడ్డకట్టలు లేచాయి. నిలిచిన మట్టిలో చెట్లు మొలిచాయి. కొండకు జుట్టు వచ్చింది. చెన్నపకు రాలేదు.

కొన్నేళ్ళకు ఎర్రబొమ్మనపల్లె మారెమ్మ కూడా ఒక రోజు వారి ఊరి వంకకు సరిగ్గా అడ్డంగా పడిపోయింది. గాలికి పడిందని వారు చెబుతారు. ఆ రాయిని పడవేయగల గాలి వారి గుడిసెల మీద ఒక్క బోదపుల్లను కూడా కదిలించలేదు. ఈ విషయంలో వంకదిన్నెవారు ఏమీ అనరు. ఇప్పుడు అక్కడ మీరు చూసేది తర్వాత నిలబెట్టిన రెండవ విగ్రహం.

ప్రతి వానకూ కొండ మట్టి వచ్చి అమ్మవారి వెనుక చేరేది. కింది కట్టలు లేచిన కొద్దీ ముందువైపునా చేరింది. ముసలితనంలో చెన్నప వాన వెలియగానే కొండెక్కి, ఆమె ముఖం మీది బురదను చేత్తో తుడిచి వచ్చేవాడు. ఒక ఏడు భుజం కనిపించలేదు. మరొక ఏడు అభయహస్తం మునిగింది. కాళ్ళు సాగని రోజు వచ్చినప్పుడు, ఆమె ముఖం కప్పుకుపోతుందేమోనని అరుగు మీద కూర్చుని దిగులు పడ్డాడు.

"దుప్పటి కప్పుకుంటాంది. ఊరికే లాగొద్దు," అన్నది అక్కులమ్మ.

చెన్నప మరి కొండెక్కలేదు. పోయేనాటికి కూడా ఆయన తలకు గుడ్డ లేదు.

నేటికీ వంకదిన్నె పెద్దరికం చేసేవారు తలకు గుడ్డ చుట్టరు. ఏరువాక పున్నమి వెళ్ళిన మంగళవారం ఇక్కడ జాతర జరుగుతుంది. భక్తులు తలగుడ్డ, తువ్వాలు, టోపీ ఏది ఉంటే అది తీసి, అందులో ఒక రాయి మోసుకుని వచ్చి, తమ వంతు కట్టలో అడ్డంగా పడుకోబెట్టాలి. ఆడవారు ఒడిలో తెస్తారు. మోటారుసైకిళ్ళ మీద వచ్చినవారు హెల్మెట్‌లో పట్టినంత తెస్తే చాలు. రాయిని నిలబెట్టరాదు. అమ్మవారు తమ కలలో కనిపించిందని చెప్పేవారికి ఇక్కడ ప్రసాదం పెట్టరు. ఈ తల్లిని నమ్మినవారి ఇంట బావితాడుకు రెండవ తాడు ముడిపడదని, చేనిలోని మట్టి చేనిలోనే ఉంటుందని, మాట ఇచ్చినవారు మాట మీద నిలబడతారని ప్రతీతి. నడుము నొప్పులు కూడా తగ్గుతాయంటారు. రాయి మోసిన మర్నాడు మాత్రం కాదు.

ఇక మూలవిరాట్టు. అమ్మవారు చెన్నప వదిలిన చోటనే, తల తూర్పుకు, పాదాలు పడమటికి పెట్టుకుని, నిలువులోతు మట్టి కింద పడుకుని ఉంది. ఆమెను చూసినవారు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ మట్టిలో ఏటా కొర్రలు పండుతాయి. ప్రసాదం ఆ కొర్రలదే. ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ మీరు కూర్చున్నది ఆమె దుప్పటి మీదనే.